తొమ్మిదో ఏడు ఆ కారు మన షెడ్డుకే వస్తుంది

(విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు యజమానులు, మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక సీనియర్ మెకానిక్ హైబ్రిడ్ కార్ల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాతోపాటు పాన పట్టుకుని ఎదిగినవాళ్లు, నాకు పని నేర్పిన పెద్దవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. వెనక వరసల్లో ఐటీఐ పిల్లలు కూర్చున్నారు. అమ్మా, బాబూ, మీరు కొంచెం ముందుకు రండి. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

వచ్చేటప్పుడు బయట చెట్టు కింద బానెట్ ఎత్తి ఉన్న కారును చూసే ఉంటారు. దాని చుట్టూ తాడు కట్టించాను. లోపలికి వచ్చే ముందు దాని సర్వీస్ ప్లగ్, అంటే పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే ముక్క, తీసి జేబులో వేసుకున్నాను. ఇదిగో, ఇదే. తాడు ఎందుకు కట్టానో, ఇది నా జేబులో ఎందుకుందో చెప్తాను. అప్పటిదాకా ఎవరూ ఆ కారు దగ్గరికి వెళ్లొద్దు.

కొన్నేళ్ల క్రితం వరకూ మన ఆటోనగర్‌లో ఎవరి షెడ్డులోకైనా హైబ్రిడ్ కారు, అంటే పెట్రోల్ ఇంజిన్ తోపాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ కూడా ఉన్న కారు, వస్తే పక్క షెడ్ల వాళ్లు పని ఆపి చూడ్డానికి వచ్చేవాళ్లు. ఇప్పుడు బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నిలబడండి. పచ్చ లైటు పడగానే ఇంజిన్ చప్పుడు లేకుండా కదిలిపోయే బండి ఒకటైనా కనిపిస్తుంది. దాని వెనక ఇన్నోవా హైక్రాస్ అనో, గ్రాండ్ విటారా అనో, హైరైడర్ అనో, సిటీ అనో రాసి ఉంటుంది.

మన దేశానికి హైబ్రిడ్ కొత్తగా వచ్చింది కాదు. 2008లోనే హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చింది, 2010లో టయోటా ప్రియస్ వచ్చింది. రెండూ దిగుమతి బండ్లు, ఆ రేటుకు కొనగలిగినవాళ్లు చాలా తక్కువ. 2015లో మారుతి సియాజ్ మీద హైబ్రిడ్ అన్న పేరు కనిపించింది కానీ అది మైల్డ్ హైబ్రిడ్. మనం డైనమో అని పిలిచేదాన్నే కొంచెం పెద్దది చేసి, బెల్టుతో ఇంజిన్‌కు సాయం చేయించారు. ఆ బండి మోటారు మీద ఒక్క అడుగు కూడా సొంతంగా నడవదు. అసలు మార్పు 2022లో వచ్చింది. ఆ ఏడాది మేలో హోండా సిటీ హైబ్రిడ్, తర్వాత గ్రాండ్ విటారా, హైరైడర్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్. మధ్యతరగతిలో కాస్త పైనున్న కుటుంబం లోనుతో కొనగలిగే రేటులో, మోటారు మీదే కదలగలిగే స్ట్రాంగ్ హైబ్రిడ్లు అప్పుడే మనకు అందాయి.

ఈ 2022ను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఆలోచన మాత్రం చాలా పాతది. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే ఆస్ట్రియాలో పెట్రోల్ ఇంజిన్‌తో కరెంటు పుట్టించి, చక్రాల్లోని మోటార్లను తిప్పే బండి చేశాడు. మంచి బ్యాటరీ, దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్స్ రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్ అమ్మకానికి వచ్చింది. 2017 జనవరి చివరికి టయోటా ఒక్కటే కోటికి పైగా హైబ్రిడ్ బండ్లు అమ్మింది. కాబట్టి ఇది ప్రయోగం దశలో ఉన్న బండేమో అని ఎవరైనా అంటే ఆ మాట వదిలేయండి. ప్రపంచంలో చాలా ఊళ్ల టాక్సీ డ్రైవర్లు ఈ బండ్లను లక్షల కిలోమీటర్లు తిప్పి చూశారు.

ఇక మన ఊరికి ఇది ఎందుకు పనికొస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్తాను. పిల్లలు కాగితం తీయండి.

కారు, అందులో మనిషి కలిపి 1,300 కిలోలు అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. ఎదురుగా ఆటో ఆగింది, బ్రేకు నొక్కారు, కారు ఆగింది. ఆ వేగంలో ఉన్న శక్తి సుమారు 125 కిలోజౌళ్లు. అదంతా ఏమైంది? బ్రేకు డిస్కులు వేడెక్కి గాల్లో కలిసిపోయింది. మామూలు పెట్రోల్ ఇంజిన్ తాగిన పెట్రోల్‌లో పావు వంతు శక్తిని చక్రానికి ఇస్తుందనుకుంటే, ఆ 125 కిలోజౌళ్ల కోసం సుమారు 15 మిల్లీలీటర్ల పెట్రోల్ కాలింది. అంటే మూడు టీ స్పూన్లు. ఒక్కసారి 50 నుంచి సున్నాకు ఆగితే మూడు స్పూన్ల పెట్రోల్ రోడ్డు మీద పారబోసినట్టు. ఇప్పుడు పొద్దున తొమ్మిదిన్నరకు బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు మీదుగా వన్ టౌన్‌కి వెళ్లేటప్పుడు ఎన్నిసార్లు ఆగుతారో లెక్కపెట్టుకోండి.

హైబ్రిడ్ కారు ఆ స్పూన్లన్నీ వెనక్కి ఇవ్వదు. కొంత భాగం ఇస్తుంది. బ్రేకు నొక్కగానే ముందు మోటారు జనరేటర్‌గా మారి చక్రాన్ని పట్టి ఆపుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. గట్టిగా నొక్కినప్పుడు, పూర్తిగా ఆగే ముందు మాత్రమే ప్యాడ్లు ఎక్కువగా పని చేస్తాయి. అందుకే ఈ బండ్లకు బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. మళ్లీ కదిలేటప్పుడు ఆ దాచిన కరెంటుతోనే కదులుతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు చాలాసేపు ఇంజిన్ ఆగి ఉంటుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. మన ఎండల్లో ఏసీ ఆపుకుని కూర్చోలేం కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు.

ఆ బ్యాటరీ ఎంత ఉంటుందనుకుంటున్నారు? గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి వాటిలో ముప్పావు యూనిట్. ఇంట్లో కరెంటు బిల్లు మీద లెక్కేసే యూనిటే, దానిలో ముప్పావు. ఎలక్ట్రిక్ కార్లలో ముప్పై, నలభై యూనిట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. హైబ్రిడ్ బ్యాటరీ నీళ్లట్యాంకు లాంటిది కాదు, బావి దగ్గర చేద లాంటిది. నింపడం, గుమ్మరించడం, మళ్లీ నింపడం. రోజంతా అదే పని. అది పూర్తిగా నిండకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా కంప్యూటర్ చూసుకుంటుంది, అందుకే అన్నేళ్లు వస్తుంది.

ఇంజిన్ విషయంలో కూడా ఒక తెలివైన పని చేశారు. చాలా హైబ్రిడ్లలో అట్కిన్‌సన్ పద్ధతి వాడతారు. 1880లలో జేమ్స్ అట్కిన్‌సన్ అనే ఇంగ్లండు ఇంజినీరు చూపించిన దారి అది. ఇప్పటి ఇంజిన్లలో గాలి లోపలికొచ్చే దారిని మూసే ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి ఆ ఫలితం తెస్తారు. మంట వ్యాకోచించే దూరం, గాలిని నొక్కే దూరం కన్నా ఎక్కువ అవుతుంది. మైలేజీ పెరుగుతుంది, కింది వేగంలో పికప్ తగ్గుతుంది. ఆ తగ్గిన పికప్‌ను మోటారు పూడుస్తుంది. కంపెనీ లెక్కల్లో గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు అన్నారు. రోడ్డు మీద అంత రాదని మీకు తెలుసు. అయినా ఊళ్లో తిప్పే ఓనర్లు ఇరవై పైన వస్తోందని చెప్తున్నారు, నా దగ్గరకొచ్చే బండ్ల మీటర్లలోనూ అదే చూస్తున్నాను.

అదే బండిని తీసుకుని హైదరాబాద్ హైవే మీద వంద మీద ఆపకుండా తోలండి. అక్కడ బ్రేకు నొక్కే పని పెద్దగా లేదు, కాబట్టి వెనక్కి వచ్చేదీ లేదు. లాభం బాగా తగ్గిపోతుంది. అందుకే ఎవరైనా ఓనరు వచ్చి ‘హైబ్రిడ్ కొనమంటారా అన్నా’ అని అడిగితే, ముందు మీరు ఆయన్ని ఒకటే అడగండి: నెలకు ఎన్ని కిలోమీటర్లు, అందులో ఊళ్లో ఎన్ని?

ఊళ్లో నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. మామూలు పెట్రోల్ బండి 14 ఇస్తే 71 లీటర్లు. హైబ్రిడ్ 22 ఇస్తే 45 లీటర్లు. తేడా 26 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే నెలకు 2,860 రూపాయలు, ఏడాదికి 34 వేలు. బండి రేటులో తేడా రెండున్నర లక్షలు అయితే అది రావడానికి ఏడేళ్లు దాటుతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మూడున్నరేళ్లు దాటగానే వచ్చేస్తుంది. ఆదివారం గుడికి, పండక్కి ఊరికి మాత్రమే కారు తీసేవాళ్లకు డబ్బుల కోసం హైబ్రిడ్ కొనమని నేను చెప్పను. మీరూ చెప్పొద్దు. మన మాట నమ్మి కొంటారు.

మరి నేరుగా ఎలక్ట్రిక్ కారే కొనొచ్చు కదా అంటారు. సొంత ఇల్లు ఉండి, గేటు లోపల ప్లగ్ పెట్టుకోగలిగినవాళ్లకు, రోజూ ఊళ్లోనే తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ చాలా మంచిది, నడిపే ఖర్చు ఇంకా తక్కువ. కానీ పటమటలో అపార్ట్‌మెంట్లు చూడండి. ఐదంతస్తులు, కింద స్టిల్ట్ పార్కింగ్, రెండు కార్ల మధ్య తలుపు తీయడమే కష్టం. అక్కడ చార్జింగ్ లైను వేసుకోవాలంటే అసోసియేషన్ మీటింగు, మీటరు ఎవరిది, వైరు ఎవరి గోడ మీదుగా అనే పంచాయితీ. అద్దెకుండేవాళ్లకు ఆ మాట ఎత్తే ధైర్యం కూడా ఉండదు. వాళ్లందరికీ హైబ్రిడ్ అంటే, ఏ ప్లగ్గూ వెతక్కుండా దొరికిన కరెంటు. ఇంకో మాట. మనకొచ్చే కరెంటులో చాలా భాగం ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల బొగ్గు కాలిస్తేనే వస్తోంది. సోలార్ పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ కారు ఇంకా శుభ్రమవుతుంది. అప్పటిదాకా పెట్రోల్ తక్కువ తాగే బండిని చిన్నచూపు చూడక్కర్లేదు.

పన్నుల దగ్గర మాత్రం నాకు బాధ ఉంది. 2025 సెప్టెంబరు ముందు పెద్ద హైబ్రిడ్ కారు మీద జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం. ఇప్పుడు 40. ఎలక్ట్రిక్ మీద 5. హైబ్రిడ్ కూడా పెట్రోల్ కాలుస్తుంది కాబట్టి దాన్ని ఎలక్ట్రిక్‌తో సమానంగా చూడమని నేను అడగను. కానీ మూడో వంతు పెట్రోల్ మిగిల్చే బండికీ, మిగల్చని అదే సైజు బండికీ ఒకే పన్ను వేస్తే, మిగిల్చినందుకు ఆ ఓనరుకు ఏం దక్కినట్టు? ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసేసింది. అలాంటి ఆలోచన మిగతా రాష్ట్రాలూ చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ముందు ముందు ఏమవుతుందంటారా? 2027 ఏప్రిల్ నుంచి కంపెనీల మీద మైలేజీ, పొగ నిబంధనల మూడో దశ రాబోతోంది. కంపెనీ అమ్మే బండ్లన్నిటి సగటు చూస్తారు కాబట్టి, హైబ్రిడ్లు అమ్మకుండా ఆ గీత దాటడం చాలా కంపెనీలకు కష్టం. 2023 ఆగస్టులో ఢిల్లీలో ఇథనాల్ మీద కూడా నడిచే ఇన్నోవా హైక్రాస్ నమూనా చూపించారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా తక్కువ, మైలేజీ పడిపోతుంది. ఆ పడిపోయినదాన్ని హైబ్రిడ్ కొంత లేపుతుంది. మొక్కజొన్న, నూక నుంచి కూడా ఇథనాల్ తీస్తున్న రోజులివి, మన కృష్ణా, గుంటూరు రైతులకు కూడా దీంతో సంబంధం ఉంది. బ్యాటరీల రేటు దిగేకొద్దీ హైబ్రిడ్లలో బ్యాటరీ పెద్దదవుతుంది, ఇంట్లో ప్లగ్ పెట్టుకునే రకం కూడా పెరుగుతుంది. చైనాలో ఆ రకం బండ్లు ఇప్పటికే విరివిగా అమ్ముడవుతున్నాయి.

ఇవన్నీ కంపెనీలు, ప్రభుత్వాలు చేసే పనులు. మన చేతిలో ఉన్నది వేరే ఉంది.

2022 గుర్తుందా? ఆ బండ్ల హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు వారంటీ ఇచ్చారు. ఎనిమిదేళ్లు కలిపితే 2030. ఆ ఏడాది నుంచి మొదటి వరస బండ్లు వారంటీ దాటి బయటికొస్తాయి. రెండో ఓనరు, మూడో ఓనరు చేతుల్లోకి వెళ్తాయి. వాళ్లు షోరూముకు వెళ్లరు. ఇక్కడికి వస్తారు. ఆ రోజు మనం బానెట్ ఎత్తి ‘ఇది మనవల్ల కాదన్నా’ అంటే, ఆ బండి సెకండ్‌హ్యాండ్ రేటు పడిపోతుంది. ఆ మాట ఊరంతా పాకితే కొత్త హైబ్రిడ్ కొనడానికీ జనం భయపడతారు. మన పక్క జిల్లాల్లో ఈ కార్లకు భవిష్యత్తు ఉంటుందా ఉండదా అన్నది అక్కడ తేలుతుంది. అందుకే నేను ఈ మీటింగు పెట్టమని అడిగాను.

పని పోతుందని మీలో చాలామందికి టెన్షన్ ఉంది. నిజమే, కొంత పోతుంది. టయోటా పద్ధతి బండిలో క్లచ్ ప్లేట్లు లేవు. సెల్ఫ్ మోటార్ లేదు. డైనమో లేదు. ఏసీకి బెల్టు లేదు. ఇంజిన్, రెండు మోటార్లు ఒక ప్లానెటరీ గేరు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక) దగ్గర కలుస్తాయి, అంతే. కానీ కొత్త పని పుడుతోంది. బ్యాటరీ కరెంటును మోటారుకు సరిపడేలా మార్చే ఇన్వర్టర్‌కు విడిగా కూలెంట్ లైను, పంపు ఉంటాయి. చిన్న 12 ఓల్టుల బ్యాటరీ ఉంటుంది, నెల రోజులు బండి కదపకపోతే అది దిగిపోయి మొత్తం కారే లేవదు. ‘హైబ్రిడ్ బ్యాటరీ పోయిందన్నా’ అని కంగారుగా వచ్చే ఫోన్లలో ఎన్నో ఈ చిన్న బ్యాటరీవే.

గుంటూరు నుంచి వచ్చిన ఒక బండి గురించి చెప్పాలి. మిర్చి వ్యాపారి బండి, రోజూ యార్డుకి వెళ్తుంది. డాష్‌బోర్డు మీద హైబ్రిడ్ వార్నింగ్ వచ్చింది. ఎక్కడో చూపిస్తే బ్యాటరీ మొత్తం మార్చాలి, లక్షల్లో అవుతుంది అన్నారట. ఆయన మొహంలో రక్తం లేదు. స్కానర్ పెట్టి చూస్తే బ్యాటరీ వేడి ఎక్కువ, లోపలి సెల్స్ అన్నీ సమానంగానే ఉన్నాయి. ఆ మోడల్‌లో వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది, దాంట్లోంచి ఫ్యాను గాలి పీల్చి బ్యాటరీని చల్లబరుస్తుంది. జాలీ మీద శాంపిల్ సంచులు పెట్టేవారట. ఫిల్టరు తీస్తే ఎర్రగా ఉంది, మిర్చి దుమ్ము గడ్డకట్టింది. దాన్ని మార్చి, ఫ్యాను శుభ్రం చేసి పంపాం. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. మన ఎండలకు, మన దుమ్ముకు ఈ జాలీ చూడటం ఆయిల్ మార్చడం అంత ముఖ్యం.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట్లో ఒక హైబ్రిడ్ ఏసీ పనికి వచ్చింది. గ్యాస్ ఎక్కించి, అన్ని కార్లకూ పోసే ఆయిలే పోశాను. ఈ కంప్రెసర్ లోపల హై ఓల్టేజి మోటారు ఉంటుంది, దాని చుట్టలు ఆ ఆయిల్‌లోనే తడుస్తాయి. కరెంటును పారనివ్వని ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి. మామూలు ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. బండి లీకేజీ పసిగట్టి కదలనని మొరాయించింది. కంప్రెసర్ మార్చాం, పైపులన్నీ కడిగాం. ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను. డబ్బు పోయినందుకు కాదు, తెలియకుండా చేయి పెట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను. ఏసీ పని చేసే తమ్ముళ్లు, దయచేసి ఆ సీసా విడిగా పెట్టుకోండి. గ్యాస్ మెషీన్ గొట్టాల్లో పాత ఆయిల్ తడి కూడా మిగలనివ్వొద్దు.

ఇక బుడమేరు వరద రోజులు. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగినప్పుడు మన ఆటోనగర్ రోడ్ల నిండా బురద కార్లే, మీరంతా రాత్రింబవళ్లు పని చేశారు. అప్పుడు మునిగిన హైబ్రిడ్ తెచ్చి ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూడన్నా’ అని బతిమాలినవాళ్లున్నారు. చేయలేదు. నీళ్లు దిగిన బండిలో పెద్ద బ్యాటరీ ఏ స్థితిలో ఉందో బయటికి కనిపించదు. ఆరిపోయింది కదా అని ఆన్ చేయకూడదు. సర్వీస్ ప్లగ్ తీయాలి, బండిని షెడ్డుకు దూరంగా, మిగతా బండ్లకు దూరంగా పెట్టాలి, తర్వాతే ఏదైనా.

హైబ్రిడ్ కార్లలో ఉండే ఆరెంజ్ రంగు వైర్ల గురించి ఇప్పుడు చెప్తాను, శ్రద్ధగా వినండి. ఆరెంజ్ వైరు అంటే హై ఓల్టేజి. బ్యాటరీ దగ్గరే సుమారు 170 ఓల్టుల నుంచి రెండొందల పైదాకా ఉంటుంది, కొన్ని బండ్లలో ఇన్వర్టర్ దాన్ని 500 దాటిస్తుంది. ఇంజిన్ ఆగి ఉంది, చప్పుడు లేదు కదా అని చేయి పెట్టొద్దు. డాష్‌బోర్డు మీద రెడీ అని లైటు వెలుగుతుంటే ఆ బండి మేలుకునే ఉంది, ఏ క్షణమైనా ఇంజిన్ దానంతటదే లేస్తుంది. కాబట్టి బండి ఆపి, తాళం తీసుకెళ్లి దూరంగా పెట్టండి. 12 ఓల్టుల నెగటివ్ తీయండి. వెయ్యి ఓల్టులకు తట్టుకునే రబ్బరు గ్లౌజులు వేసుకోండి. వేసుకునే ముందు చిల్లు ఉందేమో గాలి పట్టించి చూడండి. అప్పుడు ఈ ప్లగ్ తీసి జేబులో పెట్టుకోండి. మీ జేబులోనే, టూల్ బాక్సులో కాదు, లేకపోతే మీరు కింద పని చేస్తుండగా ఇంకొకరు తగిలించేస్తారు. పది నిమిషాలు ఆగండి. ప్లగ్ తీసినా ఇన్వర్టర్ కెపాసిటర్లలో కరెంటు మిగిలే ఉంటుంది. తర్వాత మీటరుతో సున్నా చూసుకుని పని మొదలుపెట్టండి.

పది నిమిషాలు ఆగడం మన షెడ్లలో అలవాటు లేదు. ఓనరు నెత్తి మీద నిలబడతాడు. నిలబడనివ్వండి. టీ ఇప్పించండి. ఇంటి దగ్గర మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది.

సరే, నేను ఈ ప్లగ్ తీసి గంట దాటింది. అయినా మీటరు పెట్టి చూశాకే తాడు విప్పుదాం. గ్లౌజులు నాలుగు జతలే ఉన్నాయి, కాబట్టి నలుగురు చొప్పున రండి. ఐటీఐ పిల్లలు ముందు.